కుడి మోకాలి మీద తెల్ల గీత

ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు పై అంతస్తులో ఆదివారాలు మేం కొందరం కలుస్తుంటాం. డ్రోన్లు ఎగరేసేవాళ్లు, ఇంట్లో త్రీడీ ప్రింటరు పెట్టుకున్నవాళ్లు, నాలాగా రోబో కిట్లు తెప్పించుకుని బిగించుకునేవాళ్లు. కొత్తగా ఎవరైనా మనిషి ఆకారపు రోబో కిట్ పట్టుకుని వస్తే పాతవాళ్లు మొన్నమొన్నటి దాకా ముందుగా ఒకటే చెప్పేవారు: "మోటార్లకి కరెంటిచ్చి, సరిగ్గా నడిమధ్యకి తెచ్చి, అప్పుడు బిగించు. ఇది సార్ కనిపెట్టిన పద్ధతి."

సార్ అంటే నేను. మూడేళ్లుగా ఆ మాట విని నవ్వి ఊరుకున్నాను. అది నేను కనిపెట్టింది కాదు. కిట్‌తో వచ్చిన పుస్తకంలోనే ఉంది, నేనే దాన్ని లెక్కచేయలేదు. నా బల్ల మీద, నా రోబోకి ఆ పని చేసి చూపించినవాడు వేరే ఉన్నాడు. అతన్ని ఆ గదిలోనే అందరి ముందూ అవమానించాను. అది ఎలా జరిగిందో జరిగినట్టు రాస్తున్నాను.

మాది గోదావరి జిల్లా. మా నాన్న ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి ఇటు వచ్చారు. ఆయన తర్వాత నేనూ అందులోనే చేరాను. ఇరవై ఎనిమిదేళ్లుగా మరమ్మతుల పని. ఈ పనిలో కొన్ని అలవాట్లు ఒంట్లో ఇంకిపోతాయి. ఏ యంత్రం మీద చెయ్యి వెయ్యాలన్నా ముందు కరెంటు తీసేయాలి, స్విచ్చికి ఎర్ర ట్యాగు కట్టాలి. ఆ ట్యాగు కట్టినవాడే విప్పాలి. ఎంత పెద్ద ఆఫీసరైనా ఇంకొకరు కట్టిన ట్యాగు ముట్టుకోడు. అలాగే బోల్టు పూర్తిగా బిగించాక దాని తల మీంచి పక్క రేకు మీదికి తెల్ల పెయింటు పెన్నుతో ఒక గీత గీస్తాం. బోల్టు వదులైతే గీత విరుగుతుంది. గీత ఉందంటే అక్కడ పని పూర్తయిందని, ఫలానావాడు పూచీ పడ్డాడని అర్థం. మంచి అలవాట్లే. వాటిని ఇంటికి కూడా తెచ్చుకున్నాను.

పెందుర్తిలో మా డాబా మీద రేకుల గది ఒకటి ఉంది. కిట్ అక్కడే విప్పాను. రోబో నిలబడితే మూరెడు కూడా ఉండదు. పదిహేడు మోటార్లు, సంచులు సంచులుగా మరలు, అల్యూమినియం ముక్కలు. సంచుల్లో ఒక రకం మరలు తక్కువొచ్చాయి. అవి వెతుక్కుంటూ పూర్ణా మార్కెట్ సందుల్లో నట్లూ బోల్టులూ అమ్మే ఒక కొట్టుకి వెళ్లాను. ఇందాక చెప్పిన అతను అక్కడే బోటు ఇంజను పంపుకి సీలు కోసం నిలబడి ఉన్నాడు. నా అరచేతిలో ఉన్న మర చూశాడు.

"ఏటి బావా అది, వాచీకా?"

"కాదండీ, రోబోకి."

"రోబోకా! నడుత్తాదేటి?"

"నడవాలి మరి."

"నడిసినాక మా జెట్టీకి ఒగ్గీ బావా. వల లాగనానికి మడుసులు దొరకట్నేదు."

కొట్టతను నవ్వాడు. నేనూ నవ్వాను. మా వైపు బావ అంటే అక్క మొగుడో మేనత్త కొడుకో అయి ఉండాలి. ఇక్కడ ముక్కూ మొహం తెలియనివాడు కూడా బావే. పుట్టి పెరిగింది ఇక్కడే అయినా, ఇంట్లో గోదావరి మాటా, ఆఫీసులో సార్ అనే పిలుపూ తప్ప ఆ పిలుపు నా దాకా ఎప్పుడూ రాలేదు. ఆ రోజు వచ్చింది.

అతను చేపల రేవులో ఒక బోటుకి డ్రైవరు. వాళ్ల తాతల నాటి నుంచీ సముద్రం మీద బతికిన కుటుంబం. ఇంజను విప్పడం, కట్టడం చిన్నప్పుడే నేర్చుకున్నాడు. అప్పుడు వేసవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని బోట్లకి వేట నిషేధిస్తారు. ఆ రెండు నెలలూ బోట్లన్నీ రేవులోనే కట్టేసి ఉంటాయి. "రోజంతా వల కుట్టుకుంటా కూకోడమే బావా, నీ గుంటడ్ని సూడ్డానికి వత్తాను," అన్నాడు. గుంటడంటే ఇక్కడ కుర్రాడు, అంటే నా రోబో. వస్తాడని అనుకోలేదు. మూడో రోజు మధ్యాహ్నం మా వీధిలో బండి ఆగింది.

ఆ వేసవి ఎలా గడిచిందో ఇప్పుడు తలుచుకుంటే అందులో పెద్ద విశేషాలేవీ లేవు. నేను ఉదయం షిఫ్టు చేసి మూడింటికి ఇల్లు చేరేవాణ్ణి. అతను మూడున్నరకి వచ్చేవాడు. మెట్ల మీద ఉండగానే "బావా!" అని కేకేసేవాడు. మా ఆవిడ్ని అక్కా అని పిలిచేవాడు. ఆవిడ టీ తెచ్చి, "ఏవండీ, దానికి బట్టలు కూడా కుట్టించమంటారా?" అనేది. "లుంగీ సాలక్కా," అనేవాడతను. కుర్చీ ఇస్తే కూర్చునేవాడు కాదు. నేల మీద చతికిలబడి, వల కుట్టేటప్పుడు పట్టుకున్నట్టే రోబో నడుముని రెండు కాళ్ల బొటనవేళ్ల మధ్య ఇరికించుకునేవాడు. రెండు చేతులూ ఖాళీగా ఉండేవి. నాకు పట్టకారుతో కూడా లొంగని వైర్లు అతని వేళ్లకి లొంగేవి. చెమటలు కారే ఆ రేకుల కింద ఇద్దరం పెద్దగా మాట్లాడుకోకుండానే సాయంత్రం దాకా ఉండేవాళ్లం. స్నేహితులు అనే మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. నాకు అంతకుముందు అలాంటి మధ్యాహ్నాలు లేవు. తర్వాతా లేవు.

ఇక నా తప్పు. ఈ మోటార్లు ఫ్యాను మోటార్లలా గుండ్రంగా తిరగవు. నడిమధ్య నుంచి అటు సగం, ఇటు సగం మాత్రమే తిరుగుతాయి. మోటారు ఇరుసుకి ఒక చిన్న బిళ్ల తగిలించి, ఆ బిళ్లకి కాలో చెయ్యో బిగించాలి. కరెంటిస్తే బోర్డు అన్ని మోటార్లనీ నడిమధ్యకి తెచ్చి పట్టి ఉంచుతుంది. అప్పుడు బిళ్ల తగిలించాలని పుస్తకంలో బొమ్మ వేసి మరీ చెప్పారు. నేను ఆ పేజీ చూశాను. చూసి, కరెంటు ఉండగా చేతులు పెట్టి బిగించమనేవాడు పనివాడే కాదనుకున్నాను. బ్యాటరీ తీగ ఊడదీసి, దానికి ఎర్ర ట్యాగు కట్టాను. అరచేతిలో పట్టే బ్యాటరీకి!

"ఇదేటి బావా, దీనికి దిష్టా?" అని అతను పగలబడి నవ్వాడు.

"అది తీసే హక్కు కట్టినవాడికే," అన్నాను.

అలా పదిహేడు బిళ్లలూ కరెంటు లేని మోటార్లకి, ఇరుసు ఎక్కడుంటే అక్కడ తగిలించాను. కరెంటిచ్చిన రోజున రోబో ఒక్కసారిగా మెలితిరిగి, ఒక చెయ్యి వీపు వెనక్కి పెట్టి, బోర్లా పడింది. "గుంటడికి ఫిట్సు వచ్చినాయి," అన్నాడు. నేను లాప్‌టాప్ ముందు కూర్చుని ఒక్కో మోటారుకీ సవరింపు అంకెలు వేస్తూ పోయాను. రెండు వారాలు. చివరికి నిటారుగా నిలబడింది. నడవమంటే ఒక అడుగు వేసి ఎడమకి పడేది. మళ్లీ అంకెలు మార్చితే కుడికి పడేది. ప్రతి సాయంత్రం బ్యాటరీ ఊడదీసి మళ్లీ ట్యాగు కట్టేవాణ్ణి.

అతను రెండు మూడు రోజులు చూశాడు.

"బావా, ఇంజను టైమింగు కట్టినప్పుడు ముందల గుర్తు మీద నిలబెడతాం కదా, అప్పుడు బెల్టు ఏత్తాం. ఈడికి గుర్తేటి?"

"ఇది బోటు ఇంజను కాదు."

"కాదులే. అయినా గుర్తంటా ఒకటి ఉండాల కదా. కరెంటిచ్చి సూత్తే—"

"కరెంటిచ్చి ఎవరూ బిగించరు," అన్నాను. గొంతు కొంచెం పెంచాను. అతను చెయ్యెత్తి, "సరే సార్, ఆఫీసరు గారు సెప్పినాక ఇంకేటుంది," అని నవ్వాడు. నేను నవ్వలేదు.

ఆ వారంలోనే ఒక రోజు షిఫ్టు నుంచి వచ్చేసరికి అతని బండి మా గేటు ముందుంది. పొద్దున్నే వచ్చాడని, పైన ఏదో చేస్తున్నాడని మా ఆవిడ చెప్పింది. పైకి వెళ్లాను. మెట్లెక్కుతుండగానే నా అడుగుల చప్పుడు విని, "బావా, గుమ్మంలో ఆగు! అక్కడే ఆగు!" అని అరిచాడు. చాప మీద రోబో నిలబడి ఉంది. అతను బటను నొక్కాడు. రోబో కుడి కాలు ఎత్తింది, పెట్టింది. ఎడమ కాలు ఎత్తింది, పెట్టింది. నా వైపు ఏడు అడుగులు నడిచి చాప అంచు తట్టుకుని ఆగింది. పడలేదు.

రెండు కాళ్ల బిళ్లలూ విప్పి, కరెంటిచ్చి, మోటార్లు మధ్యకి వచ్చాక కాళ్లు తిన్నగా పట్టి మళ్లీ తగిలించాడట. నాలుగు గంటల పని. అతని మొహం వెలిగిపోతోంది. నేను చూసింది వేరే. బ్యాటరీకి ట్యాగు లేదు. ఆ ట్యాగు పక్కన స్టూలు మీద, దాన్ని కట్టిన తీగతో చుట్టి, జాగ్రత్తగా పెట్టి ఉంది.

"ట్యాగు ఎవరు తీయమన్నారు?"

అతనికి మొదట అర్థం కాలేదు.

"నేను కట్టిన ట్యాగు నువ్వెలా తీశావు?"

రోబో వైపు చూశాడు. నా వైపు చూశాడు. "తప్పయిపోనాది బావా. నీకు పోను సేసి తియ్యాల్సింది. నడుత్తాదేమోనని ఆత్రం." రోబో కాళ్లు చూపిస్తూ, "మోకాళ్ల కాడ మరలు కొంచెం లూజు ఒగ్గీసేను. నడిసేదానికి ఆ మాత్రం ఆడాల. బిగించీకు," అన్నాడు.

ఏడు అడుగుల గురించి నేను ఒక్క మాట కూడా అనలేదు. ఆ సంతోషం అతనిది కావడం నాకు నచ్చలేదు. అప్పుడు దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

ఆదివారం ద్వారకా నగర్‌లో చూపించాలి. పొద్దున్న ఒక్కణ్ణే డాబా మీదికి వెళ్లాను. మోకాళ్ల దగ్గర మరలు ఒక చుట్టు వదులుగా ఉన్నాయి. అతను చెప్పింది గుర్తుంది. అయినా స్క్రూడ్రైవరు తీసుకుని మణికట్టు నొప్పి పుట్టేదాకా బిగించి, ప్రతి మర మీదా తెల్ల గీత గీశాను. ఆ కాళ్ల మీద నా గుర్తు ఉండాలి. అంతకంటే కారణం లేదు.

గదిలో పదిహేనుమంది దాకా ఉన్నారు. అతను కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. విడి బ్యాటరీ పట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. రోబో బల్ల మీద నాలుగడుగులు నడిచింది. అందరూ ఫోన్లు ఎత్తారు. అయిదో అడుగు దగ్గర కుడి మోకాలు వణకడం మొదలుపెట్టింది. ప్లాస్టిక్కు కాలిన వాసన, సన్నగా పొగ. తీగ లాగేశాను.

"ఏమైంది సార్?" అని ఎవరో అడిగారు.

నేను అతని వైపు చూసి అన్నాను: "వలలు కుట్టే చేతులు ఇందులో పెడితే ఇంతే."

ఎవరో కిసుక్కుమన్నారు. అతను వంగి, కాలిన మోకాలిని దగ్గరగా చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత చేతిలో ఉన్న బ్యాటరీని బల్ల మీద పెట్టాడు. దాని తీగల కొసలు ఒకదానికొకటి తగలకుండా ఎడంగా జరిపాడు. అప్పుడు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి మోకాలు విప్పాను. కీలు కదలడం లేదు. కదలని కీలుని కదపడానికి మోటారు తన శక్తంతా పెట్టి కాలిపోయింది. ఎడమ మోకాలి మర జారిపోయి సరిగ్గా బిగుసుకోలేదు, అందుకే అది బతికింది. కుడి మోకాలి మర మీద నా తెల్ల గీత చెక్కుచెదరకుండా ఉంది. తప్పు ఎవరిదో ఆ సాయంత్రమే తెలిసింది. అతని నంబరు నా ఫోనులో ఉంది. చెయ్యలేదు.

నాలుగైదు రోజుల తర్వాత మా ఆవిడ అడిగింది. "మీ బావగారు రావట్లేదేంటండీ?"

"సముద్రం మీదికి వెళ్లాడు."

"నిషేధంలోనా?"

నేను కంచంలోకి చూస్తూ అన్నం కలుపుకున్నాను.

కొత్త మోటారు తెప్పించి, నడిమధ్యకి తెచ్చి, అతను చెప్పినట్టే ఒక చుట్టు వదులు ఉంచి బిగించాను. నెల తర్వాత అదే బల్ల మీద రోబో అటు చివర నుంచి ఇటు చివరకి నడిచింది. చప్పట్లు కొట్టారు. "ఎలా పట్టుకున్నారు సార్?" అని అడిగారు. "కరెంటిచ్చి బిగించాలని తట్టింది," అన్నాను. తట్టింది అనే మాటలో ఎవరికి అన్నది ఉండదు కదా. వాళ్లు నాకే తట్టిందనుకున్నారు. అనుకోనిచ్చాను.

తర్వాత మూడేళ్లు. రోబోని నేను పెద్దగా నడిపించలేదు. వేసవి వచ్చి బోట్లు ఆగాయని తెలిసినప్పుడల్లా మూడున్నర ప్రాంతంలో వీధిలోకి తిరిగే ప్రతి బండి చప్పుడూ వినేవాణ్ణి. అతని బండికి సైలెన్సరు కొంచెం చిల్లు. ఆ చప్పుడు నాకు గుర్తే. కూరగాయలవాడి బండి ఒకటి దాదాపు అలాగే మోగేది. నేను రెండుసార్లు పిట్టగోడ దాకా వెళ్లి చూశాను. ఆఫీసులో నన్ను సార్ అంటారు, గదిలో సార్ అంటారు, ఇంట్లో ఏమండీ. ఇంకో పిలుపు ఉండేది, దాన్ని నేనే పోగొట్టుకున్నాను. మేనత్త కొడుకులు నాకు ముగ్గురున్నారు. వాళ్లూ బావా అనే పిలుస్తారు. అది వేరు.

ఈ చలికాలంలో ఒక సెలవు రోజున చేపల రేవుకి వెళ్లాను. అడుగుతూ పోతే చూపించారు. బోటు పక్కన వల కుప్ప మీద కూర్చుని చిరుగులు కుడుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"రండి సార్. బావున్నారా?"

ఎవరినో కేకేసి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించాడు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. నేను కూర్చోలేదు. ఎన్నోసార్లు మనసులో అనుకున్న మాటలన్నీ మరిచిపోయి, మోకాలు కాలింది నా వల్లేనని, ఆ రోజు పొద్దున్న నేనే బిగించానని, అన్న మాట కంటే తర్వాత ఊరుకోవడం ఇంకా తప్పని ఏదో గబగబా చెప్పాను.

"తెల్సు సార్," అన్నాడు. "ఆ రోజే సూసేను. తెల్ల గీత ఉంది కదా. అలాగ మీరే గీత్తారు."

"మరి అందరి ముందూ చెప్పలేదేం?"

"మీ గది, మీ మడుసులు. నాను సెప్తే మీకు నామోసీ కదా." మళ్లీ కూర్చుని వల చేతిలోకి తీసుకున్నాడు. "మాకైతే అలవాటే."

అతని వేళ్లు కుట్టుకుంటూ పోతున్నాయి. కాసేపు నిలబడ్డాను. "అక్క బావుందా సార్?" అని అడిగాడు. బావుందన్నాను. ఒకసారి ఇంటికి రమ్మన్నాను. "సూద్దాం సార్. ఏటకి ఎల్లాల," అన్నాడు.

పోయిన నెల ఒక ఆదివారం ద్వారకా నగర్ గదిలో లేచి నిలబడి అంతా చెప్పాను. ట్యాగు గురించి, ఏడు అడుగుల గురించి, తెల్ల గీత గురించి, నా మాట గురించి, ఆ తర్వాతి చప్పట్ల గురించి. "పోనీలెండి సార్, మూడేళ్ల మాట," అన్నాడొకాయన. డ్రోన్లు చేసే అతను మాత్రం తల దించుకుని, "ఆ రోజు నవ్వింది నేనే సార్," అన్నాడు. ఇప్పుడు కొత్తగా వచ్చేవాళ్లకి ఇది ఒక బోటు డ్రైవరు నేర్పిన పద్ధతని చెబుతున్నారు. అతన్ని ఒకసారి తీసుకురమ్మని కూడా అడిగారు. మాటివ్వలేకపోయాను.

ఆ సాయంత్రం ఫోను చేశాను. ఎత్తాడు. గదిలో చెప్పేశానని చెప్పాను.

"ఎందుకండీ సార్ అయ్యన్నీ," అన్నాడు.

ఫోను పెట్టేస్తాడేమో అనుకున్నాను. అవతల అలల చప్పుడు, ఎవరో దగ్గడం. అప్పుడు అడిగాడు:

"మెట్లెక్కుతాదా గుంటడు?"

"ఎక్కడు. కాలెత్తగానే ముందుకి పడుతున్నాడు."

"ముందుకా, పక్కకా?"

"ముందుకే."

"ఏ కాలు ముందల ఏత్తన్నాడు?"

నేను ఆలోచించాను. నిజానికి అది ఎప్పుడూ గమనించలేదు. ఆ మాటే చెప్పాను.

"అది సూడకండా ఏటి సేత్తారు?" అన్నాడు. గొంతులో విసుగుంది. ఆ విసుగు విని నాకు కళ్లు చెమర్చాయి. అంతలో వెనక ఎవరో పిలిచారు. "ఐసు బండొచ్చింది, మళ్లీ మాటాడతాను," అని పెట్టేశాడు.

మూడు వారాలైంది. అతను ఇంకా ఫోను చెయ్యలేదు. నేను మళ్లీ చేస్తే తొందర పెట్టినట్టుంటుందేమోనని ఆగుతున్నాను. ఈలోగా పాత పుస్తకాలు రెండు వరసలు పేర్చి మెట్లలా చేశాను. రోజూ పని నుంచి వచ్చాక రోబోని వాటి ముందు నిలబెడుతున్నాను. మొదట కుడి కాలే ఎత్తుతోంది. నలభైసార్లు చూశాను, నలభైసార్లూ కుడి కాలే. అడిగితే చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.